మైదానానికి వీపు పెట్టి

అబ్బబ్బ, లేవకండి అంటే వినరేం? పడుకోండి. మీరు పడుకుంటే నేను మెల్లగా మాట్లాడతాను, లేచారంటే అరుస్తాను. ఏది కావాలో మీరే తేల్చుకోండి.

ఆ మాస్కు మీదికి మాటిమాటికీ చెయ్యెందుకు పోతుందసలు? ఇష్టంలేని సంబంధమా వదిలించుకోడానికి? ఆక్సిజనండీ బాబూ అది. ఇందాక మీకు అందనిది అదే. మాట్లాడకుండా పీల్చండి. అంతే, మీరేమీ చెయ్యక్కర్లేదు.

ఆఁ. అలా.

నర్సక్క నన్ను మీ దగ్గర కాపలా పెట్టి వెళ్ళింది. "అంబులెన్సు వచ్చేదాకా ఈయన్ని లేవనిచ్చావో, నీ సంగతి చెప్తా" అంది. వినబడుతోందా బయట ఆవిడ గొంతు? అంబులెన్సు దారికి అడ్డంగా మీవాళ్ళు మోటారు సైకిళ్ళు పెట్టేశారట. ఎవరి బండో ఎవరికీ తెలీదు. తెలిసినవాళ్ళంతా పైన పాడుతున్నారు.

పైన అంటే, సరిగ్గా మన నెత్తిమీదే. ఈ గది మీ స్టాండు మెట్ల కిందే ఉందండీ. చూడండి, కప్పు ఎలా వాలి ఉందో. వాళ్ళు గెంతినప్పుడల్లా సున్నం రాలుతోంది. నేను ఇందాకట్నించీ మీ మొహం మీద పడకుండా తువ్వాలు అడ్డం పెడుతున్నా, మీరేమో చూపులన్నీ పైకే పెట్టారు. వెళ్ళాలనుంది కదూ?

వెళ్ళనివ్వను.

నేనెవరో తెలిసిందా మీకు? తలాడించకండి, తెలీదని నాకు తెలుసు. గేటు తీసిన పిల్లని. మీవాళ్ళు నీళ్ళసీసాలు విసిరిన పసుపు కోటు పిల్లని. ఇదిగో, భుజం మీద తడి ఇంకా ఆరలేదు. ఆ సీసా కాస్త నిండుగానే ఉంది.

అప్పటికప్పుడు నా మీద పాట కూడా కట్టేశారండోయ్! "పసుపు కోటు పిల్లా, గేటు మూసి వెళ్ళిపో!" నిజం చెప్పొద్దూ, రాగం బాగుంది. డ్రమ్ము కూడా చక్కగా కలిసింది. నన్నే తిడుతున్నారన్న సంగతి మర్చిపోయి ఒక క్షణం కాలు ఆడించాను కూడా. సిగ్గులేదు నాకు.

నేను ప్రతి మ్యాచికీ మీకెదురుగానే నిలబడతాను, తెలుసా? రెయిలింగుకి అవతల, గడ్డికి ఇవతల, ఆ చిన్న గేటు పక్కన. మైదానానికి వీపు పెట్టి. మా ఉద్యోగమే అది. ఆట చూడకూడదు మేము. వెనక ఏం జరిగినా సరే, మెడ తిప్పామా, వాకీటాకీలో తిట్లు మొదలు. "జనాన్ని చూడు, జనాన్ని! నీకు టిక్కెట్టు ఇచ్చామా, జీతం ఇస్తున్నామా?" ఆ తిట్టేది మా సూపర్వైజరు. వాకీ సారంటాం. ఇంట్లో భార్య పిలిచినా వాకీటాకీ నొక్కి "చెప్పు, ఓవర్" అంటారని మా తోటి పిల్ల చెప్పింది. అబద్ధమే అయ్యుంటుంది. కానీ ఆయన్ని చూస్తే నమ్మాలనిపిస్తుంది.

ప్రతి మ్యాచికీ అందరికంటే ముందుండి, ఒక్క గోలు కూడా చూడని మనుషులం మేమేనండీ.

ఇంటికెళ్ళగానే మా బావ, అంటే అక్క మొగుడు, "ఏం మరదలా, ఎంతకెంత?" అంటాడు. నాకు తెలిస్తేగా! "రెండు నవ్వులు, ఒక ఏడుపు బావా" అంటాను. "రెండూ ఒకటి. అయితే మనమే నెగ్గాం" అని ఆయనే లెక్కేసుకుంటాడు. మా అమ్మ కుట్టుమిషను ముందు కూచుని, "ఆటకెళ్ళి స్కోరు తెలీకుండా వచ్చేది ఇదొక్కతేనే" అని నవ్వుతుంది.

ఈ కోటు కూడా అమ్మే సరిచేసింది. నాకు బాగా వదులుగా ఉండేది. "గోనెసంచిలో కర్రలా ఉన్నావే, నిన్నెవరు లెక్కచేస్తారు?" అని పక్కలు లోపలికి కుట్టేసింది. కంపెనీ కోటు అలా కుట్టకూడదట. వాకీ సారు దానికీ తిట్టారు. 

ఏమిటండీ, నవ్వుతున్నారా? మాస్కులో ఆవిరి కమ్ముకుంది. నవ్వకండి, దగ్గొస్తుంది. చెప్పానా! మెల్లగా... మెల్లగా. పక్కటెముకల దగ్గర చెయ్యి పెట్టుకోండి. నొప్పిగా ఉందా? నాకు తెలుసు. ఆ ఇనప కమ్మీ మీ ఛాతీలోకి ఎంత లోపలికి వెళ్ళిందో నేను చూశాను.

నేను చూశాను కాబట్టే...

సరే. మొదట్నించీ చెబుతాను. వాకీ సారు ఏ క్షణాన్నైనా వస్తారు. ఆయన వచ్చేలోపు మీకు నేను చెప్పాల్సింది ఉంది, మీరు చెయ్యాల్సింది ఉంది.

పొద్దస్తమానం జనం మొహాలు చూసి చూసి నాకు అవి చదవడం వచ్చేసింది. బంతి ఎటు పోయిందో మీ కళ్ళల్లో కనబడుతుంది. ఎవరో పడ్డారంటే స్టాండంతా ఒకే పన్ను నొప్పి వచ్చినట్టు మొహం పెడుతుంది. అంతమందిలో... ఎలా చెప్పాలి... కొన్ని మొహాల దగ్గర నిలబడిపోతాం. నేను మీ మొహం దగ్గర నిలబడిపోయాను.

అలా చూడకండి. మీరు మాట్లాడలేరు కదా అని ధైర్యంగా చెబుతున్నా. లేకపోతే జన్మలో చెప్పేదాన్ని కాదు.

మా తోటి పిల్లా నేనూ మీకు 'నీలి మఫ్లరు' అని పేరు పెట్టుకున్నాం. ఎండలో కూడా తియ్యరు కదా దాన్ని. బంతి మన గోలు దగ్గరికొస్తే దాని అంచు కొరుకుతారు. మనవాళ్ళు గోలు పోగొడితే మీ పక్కనుండే ఎర్రటోపీ ఆయన చెవి లాగి ఓదారుస్తారు. ఆయన పెద్దాయన, అయినా చిన్నపిల్లాడిలా లాగించుకుంటాడు. ఇక మనవాళ్ళు గోలు కొడితే...

గోలు కొడితే మీరు కళ్ళు మూసుకుంటారు. మీకే తెలీదేమో! అందరూ అరుస్తారు, దూకుతారు, ఎవరు దొరికితే వాళ్ళని కావలించుకుంటారు. మీరు మాత్రం ముందు కళ్ళు మూసుకుంటారు. లోపలికెళ్ళి, తలుపేసుకుని, ఒక్కరే కాసేపు సంతోషపడి, అప్పుడు బయటికొచ్చి అరుస్తారు. ఆ కాసేపటి కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని. నేను చూసిన గోల్సన్నీ అవేనండీ. మీ రెప్పల మీద చూసినవి.

మీరేం పని చేస్తారో కూడా ఊహించేశాను. గడియారాలు బాగుచేస్తారని. సన్నటి వేళ్ళు, దీపం కింద చిన్నచిన్న చక్రాలు... కాదా? మరి? చేత్తో చూపించండి. ఏమిటది? పంపా? గాలి కొట్టడమా? టైర్లు! పంక్చర్లు వేస్తారా!

హుఁ. గోళ్ళల్లో నలుపు చూసినప్పుడే అనుకోవాల్సింది. ఊళ్ళో బళ్ళన్నిటికీ గాలి కొట్టే మనిషికి గాలందకపోవడం ఏమిటండీ, మరీ విడ్డూరం!

...ఆగండి. ఆగండి. ఆ చప్పుడు!

లేదు. గోలు కాదు. పైకి పోయింది బంతి. "ఓహ్" అని కిందికి జారిందిగా గొంతు. గోలైతే ముందు డ్రమ్ము ఆగుతుంది. హమ్మయ్య.

మీకు తెలుసు కదా నేను దేనికి భయపడుతున్నానో. జారుడుకి. ఇప్పటికి చెరో గోలు. ఇంకా ఆట ఉంది. మనవాళ్ళు ఇంకొకటి కొట్టారంటే జారుడు వస్తుంది.

మీ జారుడంటే నాకు ఇష్టంలేదనుకోకండి. డ్రమ్ము ఆగగానే పై మెట్టు నించి స్టాండంతా ఒక్కసారి కిందికి రెయిలింగు దాకా దూసుకొస్తుందే, మొదటిసారి చూసినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. కొండ కరిగి నా మీదికి వస్తున్నట్టనిపించింది. పారిపోవాలనీ అనిపించింది, చేతులు చాపాలనీ అనిపించింది. కుర్చీల స్టాండులో కూచునేవాళ్ళకి ఏముందండీ, చప్పట్లు. మీకు ఇది ఉంది.

కానీ ఇవాళ ఏమైంది? హాఫ్ టైము దగ్గరపడుతోందని సగంమంది టీలకి పైకెళ్ళారు. సరిగ్గా అప్పుడే గోలు. కిందున్నవాళ్ళు జారారు. ఆ అరుపు విని, టీలకెళ్ళినవాళ్ళు మేమెక్కడ జారుడు పోగొట్టుకుంటామో అని పై దారిలోంచి పరిగెత్తుకొచ్చి, వాళ్ళూ జారారు. వాళ్ళ వెనక ఇంకొందరు. వెనకవాళ్ళకేం తెలుసు? వాళ్ళకి ముందున్నవాడి వీపే కనబడుతుంది. వాళ్ళు పాడుతూనే ఉన్నారు. మనసారా పాడుతున్నారు పాపం, ఎవరినీ ఏమీ చెయ్యాలని కాదు.

నేను మీ మొహం చూశాను.

కళ్ళు మూసుకోలేదు మీరు.

గోలు కొట్టారు, మీ కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు కూడా తెరిచే ఉంది. దూరం నించి చూస్తే పాడుతున్నట్టే ఉంటారు. చేతులు రెండూ కిందే ఉండిపోయాయి. మఫ్లరు ఒక పక్కకి లాక్కుపోయింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు పని నేర్పినావిడ ఒకటే చెప్పింది. "అరిచేవాళ్ళ గురించి కంగారుపడకమ్మాయ్, అరుస్తూ అరుస్తూ ఆగిపోయినవాళ్ళని చూడు" అని. అరవడానికి గాలుండాలి కదా మరి.

వాకీటాకీ నొక్కాను. "సార్, ముందు వరస నలిగిపోతోంది, గేటు తియ్యనా?" అన్నాను. ఆయన పైన అద్దాలగదిలో ఉన్నారు. అక్కణ్ణించి పండగలా కనబడి ఉంటుంది. "ఎవరైనా పడ్డారా? పాడుతున్నారుగా? ఆగు, చెప్తా" అన్నారు. ఆ గేటు ఆయన చెప్తేనే తియ్యాలి. జనం గడ్డి మీదికొస్తే ఆట ఆపేస్తారు, ఆట ఆగితే క్లబ్బుకి శిక్ష, వచ్చే మ్యాచి ఖాళీ స్టాండ్ల ముందు ఆడిస్తారు. అన్నీ తెలుసు నాకు.

మళ్ళీ మీ మొహం చూశాను. పెదాల రంగు మారిపోయింది.

గడియ కదలదే! లోపలినించి అంత బరువు ఆనుకుని ఉంటే ఎలా కదులుతుంది? కాలు రెయిలింగుకి తన్నిపెట్టి, రెండు చేతుల్తో లాగాను. చిరిగిన బస్తాలోంచి ధాన్యం జారినట్టు వచ్చిపడ్డారు జనం. మీరు సరిగ్గా నా కాళ్ళ మీద పడ్డారు. మిమ్మల్ని కలవడం ఎన్ని రకాలుగా ఊహించుకున్నానో తెలుసా? బస్సులో, వానలో, మా బావ షాపులో చొక్కా ఇస్త్రీకి తెచ్చినట్టు... ఇలా మాత్రం ఎప్పుడూ ఊహించుకోలేదండీ, నీలం రంగు పెదాలతో.

అది సరే. జరిగింది జరిగింది. హాఫ్ టైములో అందర్నీ మళ్ళీ లోపలికి తోలేసి ఆట మొదలెట్టేశారు.

ఇందాక మీవాళ్ళు ఈ తలుపు దగ్గరికొచ్చి ఏమన్నారో నేను విన్నాను. బకెట్టు పట్టుకుని ఆ మూల నిలబడ్డాను. వాళ్ళకి బకెట్టే కనబడింది, నేను కనబడలేదు. డ్రమ్ము వాయించే ఆయన, చేతికి గుడ్డ చుట్టుకుంటాడే, ఆయనే కదూ వంగి మీ చెవిలో చెప్పింది? "తమ్ముడూ, నువ్వే దూకానని చెప్పు. సంతోషం పట్టలేక దూకాను, ఆ పిల్ల కంగారుపడి గేటు తీసింది అను. నలిగానన్నావంటే మెట్లు కొట్టేసి కుర్చీలేస్తారు. ఇక జారుడు ఉండదు, మనమూ ఉండం. నీ మూలంగా స్టాండు పోయిందన్న మాట పడతావా?" అన్నాడు. మీ చెయ్యి నొక్కి వెళ్ళిపోయాడు.

చెడ్డవాడు కాదు ఆయన. కళ్ళల్లో నీళ్ళున్నాయి. నేను చూశాను. మొహాలు చూడటమే కదా నా పని.

కానీ మీకు తెలియని సంగతి ఒకటుంది. వాకీ సారు ఇందాక నా గేటుకి తాళం వేయించారు. ఇంతింత తాళం. "ఇంకెవరూ వచ్చి హీరోలవకూడదు" అన్నారు. తాళం చెవి ఆయన జేబులో ఉంది. నా చోట ఇంకొక మనిషిని కూడా పెట్టలేదు. అడిగితే "తాళం ఉండగా మనిషెందుకు?" అన్నారు. "నువ్వు తెచ్చినవాడి దగ్గరే పోయి కూచో, వచ్చి మాట్లాడతా" అని నన్నిక్కడికి పంపించేశారు.

అర్థమైందా? మీరు నిలబడే చోట ఇప్పుడు ఇంకెవరో నిలబడ్డారు. రెయిలింగు ఉంది, తాళం ఉంది, వెనక స్టాండంతా ఉంది. ఎదురుగా ఎవరూ లేరు. ఇప్పుడు గోలు కొడితే?

నా ఉద్యోగం కోసం అడగడం లేదు. అంటే... ఉద్యోగం కూడా కావాలి నాకు, అబద్ధమెందుకు! అమ్మ కళ్ళు మిషను ముందు తడబడుతున్నాయి ఈమధ్య. కానీ అడిగేది అందుకు కాదు. ఆయన రాగానే మీరు నిజం చెప్పండి. "నలిగిపోయాను, ఊపిరందలేదు, గేటు తీశారు కాబట్టి బతికాను." అంతే. మాస్కు ఒక్కసారి పక్కకి జరిపి ఆ ముక్క చెప్పి, మళ్ళీ పెట్టేసుకోండి. ఆయన పరిగెత్తుకెళ్ళి తాళం తీస్తారు. ఆయనా రాక్షసుడేం కాదు. నా మాట నమ్మరు, గేటు తీసిందాన్ని కదా, ఏదో ఒకటి చెప్పుకుంటాను అనుకుంటారు. మీ మాటైతే నమ్మి తీరాలి.

కుర్చీలేస్తారని భయమా? వెయ్యరేమో! జారుడు కాస్త చూసుకుని జారండి. మీ డ్రమ్ము ఆయన చెబితే వినరా అంతమందీ? ఆయన డ్రమ్ము ఆపితే పరిగెత్తేవాళ్ళు, ఆపకపోతే ఆగరా? నేనే అడుగుతాను ఆయన్ని, కావాలంటే కాళ్ళు పట్టుకుంటాను. ఒకవేళ కుర్చీలే వేశారనుకోండి, వెయ్యనివ్వండి. కూచుని కూడా కళ్ళు మూసుకోవచ్చు కదండీ.

చెబుతారు కదూ? ఒక్కసారి తలాడించండి.

ఆడించలేదు. ఏం? గొంతు నొప్పా?

ఇదిగో, బూట్ల చప్పుడు. వస్తున్నారు. జుట్టు దులుపుకోండి, సున్నం పడింది. చెబుతారు. నాకు తెలుసు, మీరు చెబుతారు. మీ మొహం నాకు తెలుసు.

రండి సార్. ఆఁ, తెలివిలోనే ఉన్నారు సార్. మాట్లాడగలరు, కొంచెం కొంచెం. లేదు సార్, నేనేమీ నేర్పించలేదు. మీరే అడగండి. నేను పక్కకి నిలబడతాను.

...

...ఏమిటీ?

ఏమన్నారు మీరు?

సార్, ఒక్క నిమిషం, ఆయన నీరసంగా ఉన్నారు, ఏం మాట్లాడుతున్నారో... మీరింకోసారి అడగండి సార్. దూకారా? దూకితే పక్కటెముకల మీద ఆ కమ్మీ అచ్చు ఎలా పడుతుంది సార్? చొక్కా ఎత్తి చూడండి! సరే, నా మాట వద్దు, తాళం మాత్రం తియ్యండి సార్. నన్ను తీసేయండి, ఏమైనా చేసుకోండి, తాళం తియ్యండి. సార్, అది...

తీసుకోండి. ఇదిగో కోటు. పక్కలు మా అమ్మ కుట్టింది. కుట్లు విప్పించి ఇవ్వాలా? అక్కర్లేదా? చాలా సంతోషం సార్.

...

వెళ్ళిపోయారు.

ఎంత తేలిగ్గా అన్నావయ్యా! "నేనే దూకాను. ఆ అమ్మాయి కంగారుపడింది." ఆ మాట చెప్పడానికి మటుకు ఊపిరి సరిపోయింది నీకు. ఇంత కథ చెప్పాను, అమ్మ సంగతి చెప్పాను, సిగ్గు విడిచి నా మనసులోది కూడా చెప్పుకున్నాను, నువ్వేమో... మీరేమో గోడ వైపు చూసి అనేశారు.

మాస్కు పెట్టుకోండి ముందు. మళ్ళీ రంగు మారుతోంది. తల కాస్త ఎత్తండి, రబ్బరు చెవి వెనక్కి వేస్తాను. అబద్ధం చెప్పినవాళ్ళకీ గాలి కావాలి కదా.

ఏడవకండి. మాస్కులో కన్నీళ్ళు పోతే చిరాగ్గా ఉంటుంది.

తప్పు మీదే అనడం లేదు నేను. ఒక మొహాన్ని దూరం నించి చూసి దానికో మనిషిని కుట్టేసుకున్నాను. గడియారాలు, దీపం, సన్నటి వేళ్ళు, ధైర్యం. ధైర్యం కూడా నేనే కుట్టాను. మీకు సరిపోలేదు. మీరేం చేస్తారు దానికి?

మీకొక మాట చెప్పొద్దంది నర్సక్క, కంగారుపడతారని. ఇప్పుడు చెబుతాను, కంగారుపడితే పడండి. అంబులెన్సు మీ కోసం కాదు. పక్క గదిలో ఎర్రటోపీ ఆయన ఉన్నాడు. అవును, ఆయనే. మీరు చెవి లాగే ఆయన. మీ పక్కనే, అదే కమ్మీ మీద, అలాగే నలిగాడు. గేటు తీసేసరికే ఆలస్యమైపోయింది ఆయనకి. పిలిస్తే పలకడం లేదట.

లేవకండి! ఇప్పుడు లేచి ఏం చేస్తారు? ఎవరికి చెబుతారు? సారు వెళ్ళిపోయారు.

ఇంకా వినండి. ఇది మిమ్మల్ని తిట్టడానికి కాదు, నన్ను నేను తిట్టుకోడానికి. ఆయన మొహం నేను చూడలేదు. మీ భుజానికి ఆనుకునే ఉన్నాడు, మీకంటే ముందే అరుపు ఆగిపోయి ఉంటుంది, పెద్దాయన కదా. నేను చూడలేదు. నాకు ఎర్రటోపీ గుర్తుంది, మీరు లాగే చెవి గుర్తుంది, కళ్ళెలా ఉంటాయో గుర్తులేదు. జనాన్ని చూడు, జనాన్ని అని వాకీ సారు ప్రతిసారీ అరిచేది. నేను చూస్తూనే ఉన్నాననుకున్నాను. నేను చూసింది మిమ్మల్ని ఒక్కర్నే.

మీరు చెప్పిన అబద్ధం ఎంతో, నేను చేసిన ఉద్యోగం కూడా అంతే అబద్ధం. ఇద్దరం ఇద్దరమే.

విన్నారా? మళ్ళీ మొదలెట్టారు. మెట్లన్నీ అదురుతున్నాయి. బంతి మనవాళ్ళ దగ్గరున్నట్టుంది.

ఆ తలుపు పక్క ఎర్రపెట్టెలో గునపం ఉంది, చూశారా? నిప్పంటుకుంటే వాడమని పెట్టారు. నేను తీసుకెళ్తున్నాను. తాళం విరుగుతుందో, నా చెయ్యి విరుగుతుందో తెలీదు. కోటు లేదు, లోపలికి రానిస్తారో రానివ్వరో. గడ్డి వైపు తలుపు దగ్గర మా తోటి పిల్లే ఉంది, అది ఆపదు. ఆ పాట మళ్ళీ పాడతారు నా మీద. పాడనివ్వండి, రాగం బాగుంది.

చెయ్యి వదలండి.

గాలి కోసమైతే ఆ మాస్కు పట్టుకోండి. నా కోసమైతే... ఇవాళ కాదు. వదలండి, వేళ్ళన్నీ నొప్పి పెడుతున్నాయి, ఇంకా గునపం పట్టుకోవాలి నేను.

ఒకందుకు మంచిదే అయిందండీ. మీరు ఇక్కడున్నారు, అక్కడ లేరు. ఇవాళ నాకు అందరి మొహాలూ కనబడతాయి.